భీముడు గోళ్లు తీయించుకున్న వైనం

తాను పట్టిన కుందేలుకు మూడే కాళ్లని వాదించినవాడు జన్మలో కుందేలును పట్టి ఉండడు, ఇది నా గట్టి నమ్మకం. పశువుల డాక్టరు దగ్గరికి తీసుకెళ్లాల్సిన రోజున ఒక్కసారి పట్టుకుని చూడండి, నాలుగు కాదు, నలభై తేలతాయి. పైగా వెనక కాళ్లకు చేతి ఆసరా లేకుండా ఎత్తితే అది తన్నుకునే తన్నుడుకి దాని వెన్నెముకే విరగొచ్చు, అంచేత వదలనూ లేం, గట్టిగా బిగించనూ లేం.

మా కుందేలు భీముడు. బరువు కిలోన్నర, పేరు మాత్రం దాని తిండి చూసి మా అబ్బాయి పెట్టాడు. మనిషి నెమ్మదే. చిక్కంతా ఆ ప్లాస్టిక్ పెట్టెతో. ఏడాదంతా అటక మీద పడుండి, డాక్టరు దగ్గరికి వెళ్లే రోజు మాత్రమే కిందికి దిగే వస్తువును చూస్తే ఎవరికైనా అనుమానం రాదా? కుందేళ్లు, గినీ పిగ్‌లు, హామ్‌స్టర్లు అన్నీ ఎవరో ఒకరికి ఆహారమయ్యే జాతులే కాబట్టి పారిపోవడం, దాక్కోవడం, జబ్బు చేసినా ఏమీ కానట్టు కూర్చోవడం వాటికి పుట్టుకతో వచ్చిన విద్యలు. అటక తలుపు కిర్రుమనగానే భీముడు మంచం కిందికి దూరాడు, అదీ ఏ వైపు నుంచి చెయ్యి పెట్టినా అందని నట్టనడుమకి.

ఈసారి దానికి టెన్షన్ అనేదే తెలియకూడదని మా ఆయన నిర్ణయించేశారు. పెట్టెలో జారకుండా దాని వాసన ఉన్న పాత తువ్వాలే పరిచారు. ఇంట్లో ఎవరూ బిగ్గరగా మాట్లాడకూడదన్నారు. మా అత్తయ్యకు కొంచెం వినపడదు, దాంతో మేం గుసగుసగా ఒక మాట అనడం, ఆవిడ "ఏంటీ?" అని వీధి చివరికి వినపడేలా అడగడం, ఆ కేకకి భీముడు ఇంకో రెండంగుళాలు లోపలికి జరగడం. చివరికి మా అబ్బాయి బోర్లా పడుకుని, కొత్తిమీర కట్ట ఆశ చూపించి, ఎలాగో పట్టి పెట్టెలో దించాడు.

అప్పుడు గడ్డి తగువు మొదలైంది. "డాక్టరు దగ్గరికి ఖాళీ కడుపుతో వెళ్లాలి గదా" అని మా ఆయన పై మూత తీసి గడ్డంతా లాగేశారు. తన రక్తపరీక్షల అనుభవం మరి. "నోరులేని జీవాన్ని పస్తు పెడతావురా?" అని అత్తయ్య మళ్లీ వేశారు. ఈయన మళ్లీ తీశారు. ఆవిడ ఇంకో రెండు గుప్పిళ్లు కలిపి కుక్కి, మూత వేసి, పైన దుప్పటి కప్పేసి, ఇక ముట్టుకుంటే ఊరుకోనన్నారు. దుప్పటి కప్పడం మంచిదే లెండి, చీకటిగా ఉంటే వాటికి ధైర్యంగా ఉంటుంది.

ఆ పెట్టెను పల్లకి మోసినట్టు మోశాం. కదలకుండా ముందు సీటు వెనక కింద ఆనించి పెట్టాం. కుందేళ్లు ఎండకు తట్టుకోలేవని ఏసీ వేశాం, పాటలు ఆపేశాం, హారన్ కొట్టలేదు, గతుకు వచ్చేముందు మా అబ్బాయి "గతుకు" అని లోగొంతుకతో ప్రకటిస్తుంటే మా ఆయన నడిచేవాళ్లకంటే నెమ్మదిగా దాన్ని దాటించారు. వెనకవాళ్లు మమ్మల్ని ఏమన్నారో రాయదగ్గది కాదు.

క్లినిక్‌లో ఒక పెద్ద కుక్క ఉంది. దాని వాసన తగలకుండా దూరంగా, నేల మీద కాకుండా కుర్చీ మీద పెట్టాం. పిల్లిని తెచ్చిన ఒకావిడ మా పెట్టెను చూసి "ఎంత బుద్ధిగా ఉందండీ! మాది చూడండి, వచ్చిన దగ్గర్నుంచి ఒకటే అరుపు" అంది. అంతే, మా ఆయన అందుకున్నారు. మన మనసు ప్రశాంతంగా ఉంటే వాటికీ ఉంటుందని, మన టెన్షనే వాటికి అంటుతుందని ఆవిడకు ఉపన్యాసం. ఆవిడ పాపం శ్రద్ధగా వింది.

లోపల డాక్టరు గారు దుప్పటి తీశారు, మూత తీశారు. గడ్డి తీశారు. ఇంకా గడ్డి తీశారు. నీళ్ల గిన్నె తీశారు. తువ్వాలు తీసి దులిపారు. భీముడు లేడు.

"పేషెంటు?" అన్నారు. మా ఆయన వంగి బల్ల కింద చూశారు, అక్కడ ఎందుకుంటుందో ఆయనకే తెలియాలి. నేను ఇంటికి ఫోన్ చేశాను. "భీముడా? ఇక్కడే, సోఫా మీద కాళ్లు బార్లా చాపి పడుకున్నాడు, మీరు వెళ్లినప్పట్నుంచీ" అన్నారు అత్తయ్య. గడ్డి పీకులాటలో మూత తెరిచిన ఏదో ఒక క్షణాన వాడు తన దారి తాను చూసుకున్నాడన్నమాట. మేం అంత జాగ్రత్తగా, గతుకు గతుకుకీ గుండె పట్టుకుని తెచ్చింది ఎండుగడ్డి.

డాక్టరు గారు నవ్వు ఆపుకుని అసలు సంగతి చెప్పారు. కుందేలు వాంతి చేసుకోలేదట, అందుకని ఆపరేషన్ ముందు కూడా పస్తు పెట్టరు. దాని పేగులు ఎప్పుడూ కదులుతూ ఉండాలి, తినడం మానేస్తే మర్నాటిదాకా చూద్దామనుకోకుండా వెంటనే తీసుకురావాలి. ఈ మాట అత్తయ్య చెవిన పడకూడదని దారిలో మా ఆయన మా అబ్బాయి చేత ఒట్టు వేయించుకున్నారు. గుమ్మంలోనే వాడు చెప్పేశాడు, అదీ ఆవిడకు వినపడేంత గట్టిగా.

పెట్టెను ఇక అటక ఎక్కించకండి, తలుపు తీసి హాల్లోనే ఉంచండి అని కూడా ఆ రోజు డాక్టరు గారు అన్నారు, ఉంచాం. ఎప్పుడైనా నాలుగు ఆకులు లోపల వేసేవాళ్లం. భీముడు మొదట తల పెట్టాడు, తర్వాత సగం, తర్వాత కాపురమే పెట్టేశాడు. మళ్లీ అపాయింట్‌మెంట్ రోజున తనే లోపల ఉన్నాడు, తలుపు వేయడమే మా పని. క్లినిక్‌లో మాత్రం ససేమిరా బయటికి రానన్నాడు. "వెల్లకిలా తిప్పితే నిద్రపోతుందట గదండీ" అని మా ఆయన సలహా ఇచ్చారు. అది నిద్ర కాదు, భయంతో బిగుసుకుపోవడం అని డాక్టరు గారు ఓపిగ్గా చెప్పి, క్లిప్పులు తీసి పెట్టె పై సగాన్ని ఊడదీసి పక్కన పెట్టారు. కింది సగంలో, తన తువ్వాలు మీద కూర్చునే భీముడు అన్నీ చేయించుకున్నాడు. గుండె నిమిషానికి 200 సార్లకు పైనే కొట్టుకుంటోందంటే మా ఆయన కుర్చీలో కూలబడ్డారు. కుందేలుకు అది మామూలేనని చెప్పాక కూడా తన నాడి తను చూసుకుంటూనే ఉన్నారు.

గోళ్లు తీయడం అయిదు నిమిషాల పని. ఆ అయిదు నిమిషాల్లో మా ఆయన కూడా తన పది వేళ్లవీ కొరికి పూర్తిచేశారు.