ఓల్డ్ జడ్జ్ సిగరెట్ కార్డు గారికి బహిరంగ లేఖ

మహారాజరాజశ్రీ ఓల్డ్ జడ్జ్ బేస్‌బాల్ కార్డు గారికి,

నమస్కరించి రాయునది. ఇక్కడ మా పర్సులు తప్ప అందరం క్షేమం. మీరు ప్లాస్టిక్ పెట్టెలో సుఖంగా ఉన్నారని తలుస్తాం.

జడ్జి గారూ, మీ పుట్టుపూర్వోత్తరాలు మాకు తెలియనివి కావు. న్యూయార్క్‌లో గుడ్విన్ అండ్ కంపెనీ 1887 నుంచి 1890 దాకా అమ్మిన ‘ఓల్డ్ జడ్జ్’ సిగరెట్ల పెట్టెలో, సిగరెట్లు నలగకుండా దన్నుగా పెట్టిన అట్టముక్క మీరు. ఒకటిన్నర అంగుళాల లోపు వెడల్పు, రెండున్నర అంగుళాల పొడవు. అట్ట ఎలాగూ పెడుతున్నాం కదా అని దానిమీద ఆటగాడి ఫొటో అంటించారు. 1890లో గుడ్విన్‌తో సహా 5 పెద్ద కంపెనీలు అమెరికన్ టొబాకో పేరిట ఒక్కటయ్యాయి. పోటీయే లేనప్పుడు కొసరెందుకు? మీ ఉద్యోగం ఊడింది.

మడి కట్టుకునేవాళ్లు మిమ్మల్ని ముట్టుకునే ముందు ఆలోచించుకోవాలి. మీ మొహం మీది మెరుపు కోడిగుడ్డు తెల్లసొన. తెల్లసొన పూసిన పల్చటి కాగితానికి వెండి లవణం పట్టించి, నెగటివ్ కింద పెట్టి ఎండలో ఫొటో దింపి, అట్టకు అంటించారు. ఇక మీ శౌర్యప్రతాపాల సంగతి. స్టూడియోలో పైనుంచి దారంతో బంతిని వేలాడదీసి, దాన్ని ఆటగాడు అందుకుంటున్నట్టు నిలబెట్టారు. చాలా కార్డుల్లో ఆ దారం మామూలు కంటికే కనిపిస్తుంది. వెనక రంగులేసిన తెర, ఆ తెర ముందు నేలమీద పడి బేస్ అందుకుంటున్న వీరుడు! ఇలాంటి ఆటగాళ్లు 500 మందికి పైగా, ఒక్కొక్కరికి మళ్లీ నాలుగైదు భంగిమలు. మొత్తం సెట్ పూర్తి చేస్తామని బయల్దేరినవాళ్లకు ఇసుకలో తైలం ముందు దొరుకుతుంది.

అయినా మా ఫిర్యాదు మీ నటన మీద కాదు, మీ మార్కుల మీద. పేరుకు జడ్జి, తీర్పు మాత్రం కార్డు ఎంత బాగా నిలిచిందో చూసి మార్కులేసే గ్రేడింగ్ కంపెనీది. 1 నుంచి 10 దాకా వేసే ఆ మార్కుల్లో మూలలు, అంచులు, మరకలు, కాగితం ఊడిన చోట్లు లెక్కకొస్తాయి. బొమ్మ ఎంత స్పష్టంగా ఉందన్నది వెనకబడిపోతుంది. అందుకే మీసాల వెంట్రుకలు లెక్కపెట్టగలిగేంత చిక్కటి ఫొటో ఉన్నా, వీపున ఆల్బమ్ జిగురుతో పాటు కాస్త కాగితం లేచిపోతే 1 ఇచ్చి పంపుతారు. మొహం వెలిసిపోయి గులాబీ రంగు దెయ్యంలా ఉన్న మీ తమ్ముడు, మూలలు పదునుగా ఉన్న పుణ్యాన 4 కొట్టేస్తాడు. మీ వీపున అచ్చు అక్షరం ఒక్కటి లేదు, ఖాళీ అట్ట. ఖాళీ అట్టకు ఇంత శిక్షా? తెలిసినవాళ్లు ఆ 1 మార్కు కార్డునే గుట్టుగా కొనుక్కుపోతారు.

జిగురు నేరమైతే మొదటి ముద్దాయి కార్డులు సేకరించిన జెఫర్సన్ బర్డిక్. కార్డుల జాబితాలో మీ సెట్‌కు ఎన్172 అని నంబరు వేసిన మహానుభావుడు ఆయనే. 3 లక్షలకు పైగా కార్డులు, కాగితాలు న్యూయార్క్ మెట్రోపాలిటన్ మ్యూజియానికి ఇచ్చి, తనే కూర్చుని ఆల్బమ్‌లకు అంటించాడు. 1963 జనవరిలో ఆ పని ముగించి, మార్చిలో కన్నుమూశాడు.

మీ పేరు చెప్పుకుని తిరిగే దొంగల విషయానికొస్తే, 10 రెట్లు పెంచి చూపే భూతద్దం చాలు. మీరు నిజమైన ఫొటో కాబట్టి మీలో చుక్కలుండవు. సన్నటి పగుళ్లు, కాగితం నారలు కనిపిస్తాయి. వరసలు తీరిన చుక్కలుంటే అది నిన్నమొన్నటి అచ్చు. అలాగని చుక్క కనబడగానే ప్రతి కార్డునూ దొంగ అనకూడదు. రిచ్‌మండ్‌లో 1887లో అలెన్ అండ్ గింటర్ సిగరెట్ కంపెనీ వేసిన రంగుల కార్డులు రాతి అచ్చు (లిథోగ్రఫీ)వి, వాటిలోనూ చుక్కలుంటాయి. కాకపోతే అవి చేత్తో పెట్టినవి, వరస తప్పి అడ్డదిడ్డంగా ఉంటాయి. తర్వాత చీకట్లో అల్ట్రావయొలెట్ లైటు వేయాలి. ఈ కాలపు కాగితంలో తెలుపు కోసం కలిపే రసాయనం నీలంగా వెలుగుతుంది, మీ అట్ట వెలగదు. పాత పుస్తకం అట్ట మీద అచ్చేసిన దొంగ కూడా వెలగడు కాబట్టి ఈ లైటు ఒక్కదాన్నే నమ్ముకుంటే మునిగినట్టే. ఇక కొలత. పుట్టుకతోనే మీలో కొందరు పొట్టి, కొందరు పొడుగు, అందుకని స్కేలు ఒక్కటే సాక్ష్యం చెప్పలేదు. అంచు చూడాలి. నాలుగు పక్కలా ఒకేలా మాగి ఉండాలి; ఒక పక్క తెల్లగా, కొత్తగా ఉంటే ఈమధ్యే ఎవరో మూల పదును కోసం కత్తిరించారు.

మిమ్మల్ని ఉంచాల్సింది పాలియెస్టర్ కవర్లో. పీవీసీ కవర్లు పనికిరావు, ఆమ్లం వదులుతాయి. తేమ 35 నుంచి 50 శాతం మధ్య నిలకడగా ఉండాలి. అది పెరిగి తగ్గినప్పుడల్లా తెల్లసొన పొర బిగుసుకుని పగులుతుంది. గోడకు తగిలించి ఎండ చూపించేవారికి మా సానుభూతి.

ఇట్లు,
మీ వెనక వైపు కూడా చూసి కొనే అభిమానులు

తా.క. వీపు జిగురు వదిలిస్తామని నీళ్ల గిన్నెతో ఎవరైనా వస్తే ఒప్పుకోకండి. రాతి అచ్చు కార్డులు ఆ స్నానం చేసి బతికి బయటపడితే పడొచ్చు. మీకు జిగురుతో పాటు మొహం కూడా ఊడి, ఆరేటప్పుడు చుట్టుకుపోతుంది.