సవరణ: ఒక బల్బు పోతే రన్‌వే లైట్లన్నీ ఆరిపోవు

రన్‌వే అంచు లైట్ల డ్రాయింగ్‌ల గురించి మొన్న రాస్తూ, అన్నీ సీరీస్‌లో (ఒకే కేబుల్ లూప్‌లో ఒకదాని తర్వాత ఒకటిగా) ఉంటాయి కాబట్టి ఒక బల్బు పోతే వరసంతా ఆరిపోతుందన్నాను. అది తప్పు, పొరపాటు నాదే. దీపావళి సీరియల్ సెట్‌లో లాగా ఇక్కడ బల్బు నేరుగా లూప్‌లో ఉండదు. ప్రతి లైటుకూ ఒక ఐసోలేటింగ్ ట్రాన్స్‌ఫార్మర్ (బల్బును లూప్ నుంచి వేరుగా ఉంచేది) ఉంటుంది. దాని ప్రైమరీ చుట్ట లూప్‌లో ఉంటుంది, బల్బు సెకండరీ చుట్ట వైపు ఉంటుంది. ఫిలమెంట్ తెగినా ప్రైమరీ లూప్ తెగదు. పూర్తి వెలుగులో ఉండాల్సిన 6.6 ఆంపియర్లను రెగ్యులేటర్ (లూప్‌లో కరెంటును స్థిరంగా ఉంచే పరికరం) అలాగే నిలబెడుతుంది, మిగతా లైట్లు వెలుగుతూనే ఉంటాయి.

లూప్ కేబులే తెగితే మాత్రం ఆ సర్క్యూట్ మొత్తం పోతుంది. అందుకే పక్కపక్క లైట్లను రెండు సర్క్యూట్లకు మార్చి మార్చి కలుపుతారు. ఐసీఏఓ (అంతర్జాతీయ పౌర విమానయాన సంస్థ) ఏరోడ్రోమ్ డిజైన్ మాన్యువల్‌లోని ఎలక్ట్రికల్ భాగం చూసి సరిచేసుకున్నాను. నా పోస్టు చూసి డ్రాయింగ్ గీసినవాళ్లు ప్రతి లైటు దగ్గరా ట్రాన్స్‌ఫార్మర్ గుర్తు చేర్చండి.