'నువ్వెన్ని కిలోమీటర్లు తొక్కావ్?' గారికి బహిరంగ లేఖ

నార్సింగి,
ఆదివారం, మధ్యాహ్నం.

మహారాజశ్రీ 'నువ్వెన్ని కిలోమీటర్లు తొక్కావ్?' గారి దివ్యసముఖమునకు,

ఉభయకుశలోపరి. ఉభయం అన్నది మర్యాదకి రాశాను గానీ నా వైపు కుశలం అంతంతమాత్రమే. పొద్దున్న గండిపేట నుంచి వస్తుంటే వెనక చక్రంలో పుల్ల (అదే, స్పోకు) తెగింది. రిమ్ము వంకరపోయి బ్రేకుకి రాసుకుంటుంటే, చివరి నాలుగు కిలోమీటర్లూ సైకిల్ని నడిపించుకుంటూ ఇంటికొచ్చాను. దారి పొడుగునా మీరే గుర్తొచ్చారు.

మీకు వేరే చెప్పాలా, పొద్దున్న టీ కొట్టు దగ్గర మీరూ ఉన్నారు. తొమ్మిదిమందిమి. హెల్మెట్లు బల్ల మీద బోర్లించి, ఉస్మానియా బిస్కెట్లు చాయ్‌లో ముంచుకుంటూ ప్రపంచానికి అత్యవసరమైన ఒక విషయం తేల్చే పనిలో ఉన్నాం. సైకిలెక్కి కూర్చుంటే మన బరువు పై పుల్లలకు వేలాడుతుందా, కింది పుల్లల మీద నిలబడుతుందా?

నవ్వకండి. దీని మీద మూడు ఖండాల్లో స్నేహాలు చెడ్డాయి.

వేలాడుతుందనడం తేలిక. పుల్ల అంటే 2 మిల్లీమీటర్ల తీగ. చేత్తో నొక్కితేనే వంగేది మనిషినేం మోస్తుంది? కాబట్టి పైనుంచి లాగి పట్టుకుంటుంది, బావిలో చేదలాగ. వినడానికి బాగుంది. మా గుంపులోకి నెల కిందట వచ్చిన కుర్రాడు మాత్రం ఒప్పుకోలేదు. ప్రతి పుల్లనీ ముందే గట్టిగా, దాదాపు 100 కిలోల లాగుడుతో బిగిస్తారు కదన్నా, మనం ఎక్కగానే పై పుల్లల్లో చెప్పుకోదగ్గ మార్పేమీ ఉండదు, నేలకి దగ్గరున్న మూడు నాలుగు పుల్లల బిగువే తగ్గుతుంది, కొలిస్తే తేడా కనబడేదంతా కిందే, అంటే బరువు కింది పుల్లల మీదే నిలబడుతోంది, అన్నాడు.

అప్పుడు కదా మీరు వేంచేశారు! మాలో పెద్దాయన చాయ్ గ్లాసు కింద పెట్టి, కళ్లజోడు నుదుటి మీదకి తోసి, ఎంతో ప్రేమగా మిమ్మల్ని ప్రయోగించాడు. "తమ్ముడూ, ఇంతకీ నువ్వెన్ని కిలోమీటర్లు తొక్కావ్?"

"మూడొందలన్నా."

అంతే. ఏడుగురు నవ్వారు. నేనూ నవ్వాను. చక్రంలో పుల్లలు ఏం చేస్తున్నాయన్నది ఆ నవ్వుతో తేలిపోయింది.

కుర్రాడికి తేలినట్టు అనిపించలేదు. సైకిల్ని వేపచెట్టుకి ఆనించి, నన్నెక్కి చెట్టు పట్టుకుని కూర్చోమన్నాడు. ఎక్కేముందు, నేలకి దగ్గరగా నిటారుగా ఉన్న పుల్లని వేలితో మీటాడు. టింగ్. నేనెక్కాక మళ్లీ అదే మీటాడు. టంగ్. శ్రుతి దిగింది, తంబురా తీగ సడలించినట్టు. పైనున్న పుల్లని మీటితే నేనెక్కినా దిగినా ఒకటే టింగ్. మొత్తం అర నిమిషం పట్టలేదు. టీ కొట్టాయన కూడా సాసరు తుడుస్తూ వచ్చి విన్నాడు.

ఇంక దీనికి తిరుగుండదు అనుకున్నాను. పెద్దాయన బిస్కెట్ పూర్తిగా నమిలి, మింగి, అడిగాడు. "నీకు సంగీతం వచ్చా?"

అదండీ మీ ఘనత! వేషం మార్చుకోవడానికి మీకు బిస్కెట్ నమిలేంత సేపు చాలు.

మీ వంశచరిత్ర కొంత తిరగేశాను. 1902లో ఫ్రాన్సులో గేర్ల మీద రగడ. ఒకామె మూడు గేర్ల సైకిల్ మీద, ఒంటి గేరు సైకిల్ తొక్కే పేరుమోసిన పందెగాణ్ణి కొండదారుల్లో ఓడించింది. మరుసటి ఏడాది టూర్ ద ఫ్రాన్స్ మొదలుపెట్టబోయే ఆన్రీ దెగ్రాంజ్ దానికేమన్నాడో తెలుసా? గేర్లు మార్చుకోవడం 45 ఏళ్లు దాటినవాళ్లకి పనికొస్తుందట, మనం మరీ మెత్తబడిపోతున్నామట. గేరు సంగతి అడిగితే వయసు సంగతి చెప్పాడు, మోకాలికీ బోడిగుండుకీ ముడేసినట్టు. గేర్లు మార్చే మరని తన పందెంలోకి 1937 దాకా రానివ్వలేదు. అన్నేళ్లూ పందెగాళ్లు కొండ మొదట్లో సైకిల్ దిగి, వెనక చక్రం ఊడదీసి, ఇంకోవైపున్న పళ్లచక్రం చైనుకి వచ్చేలా తిప్పి బిగించుకుని ఎక్కేవాళ్లు. మగతనం నిలబడింది. పాపం, వేళ్లు మాత్రం గ్రీజయ్యాయి.

1933 జులైలో ఫ్రాన్సిస్ ఫోర్ అనే ఓ మోస్తరు పందెగాడు వెనక్కి వాలి తొక్కే సైకిల్ మీద గంటలో 45.055 కిలోమీటర్లు తొక్కి, 1914 నాటి 44.247 రికార్డుని కొట్టేశాడు. మిమ్మల్ని అతని మీద ప్రయోగించడం కుదరదు, లెక్క రాసే ఉంది కదా. అందుకని మీ తమ్ముడుగారొచ్చారు, 'అసలిది సైకిలేనా?' అంటూ. 1934లో అంతర్జాతీయ సైక్లింగ్ సమాఖ్య దాన్ని సైకిళ్ల రికార్డుల్లోంచి అవతల పెట్టింది.

ఇక టైర్ల గొడవ. 23 మిల్లీమీటర్ల సన్న టైర్లలో రాయిలా గాలి కొట్టించుకుని, లావు టైరు వాణ్ణి ఎద్దుబండి అని ఏడిపించిన మహానుభావులే ఇప్పుడు 28, 30 అంటున్నారు. వాళ్లచేత ఎవరికీ క్షమాపణ చెప్పించలేదు మీరు. ఆ రోజుల్లో నేనూ రాయిలాగే కొట్టించాను, నా నడుముకి జ్ఞాపకం ఉంది.

కాలిఫోర్నియాలో యోబ్స్ట్ బ్రాంట్ అని ఒక ఇంజినీరు ఉండేవాడు. చక్రం కింది పుల్లల మీదే నిలబడుతుందని లెక్కగట్టి 1981లో పుస్తకమే వేశాడు. ఆల్ప్స్ కొండల్లో ఏళ్ల తరబడి తొక్కినవాడు కాబట్టి ఆయన ముందు మీ పప్పులుడకలేదు. అప్పుడేం చేశారు? మాట పెళుసు మనిషి అన్నారు. పెళుసే. అయితే పుల్ల వినలేదుగా ఆ మాట, అది తన పద్ధతిలో సడలుతూనే ఉంది.

నిజానికి వేలాడే పక్షానికీ నిలబడే పక్షానికీ కొలతల్లో తేడా లేదు. కింద బిగువు తగ్గుతుందని ఇద్దరూ ఒప్పుకుంటారు. కొట్టుకునేదంతా ఒక క్రియాపదం కోసం. సన్నటి తీగ 'నిలబడడం' ఏమిటి, దానికి కాళ్లున్నాయా అని వేలాడే పక్షం వాళ్లు. మాటని పట్టుకుని వేలాడే ఈ రోగానికి తర్కశాస్త్రం రాసిన గౌతముడు తన న్యాయసూత్రాల్లో ఎప్పుడో పేరు పెట్టాడు, ఛలం అని. 'మంచెలు కేకలేస్తున్నాయి' అంటే మంచె మీదున్న కాపలా మనిషి కేకేస్తున్నాడని ఎవరికైనా తెలుస్తుంది. 'చెక్కలెలా అరుస్తాయండీ?' అని నిలదీసేవాడు ఛలవాది. గౌతముడు ఎన్ని కిలోమీటర్లు తొక్కాడని మాత్రం దయచేసి అడక్కండి, పెద్దాయన అడిగినా అడుగుతాడు.

ఇంతదాకా మిమ్మల్ని తిట్టాను కదా, ఇప్పుడు నా వంతు.

తిరుగు ప్రయాణంలో ఠప్పుమంది. దిగి చూస్తే వెనక చక్రంలో ఒక పుల్ల, చక్రం మధ్యనుండే హబ్బు దగ్గర వంపులో, కత్తిరించినట్టు తెగి ఉంది. అందరూ ఆగారు. గుంత వల్ల అని ఒకరు, చవక పుల్లలని ఒకరు, గేరు తప్పుగా వేశాడని ఒకరు. కుర్రాడొక్కడే మోకాళ్ల మీద కూర్చుని, పక్క పుల్లల్ని రెండేసి చొప్పున పట్టుకుని నొక్కుతూ, "ఇవన్నీ వదులుగా ఉన్నాయి సార్. తిరిగిన ప్రతిసారీ పూర్తిగా సడలి మళ్లీ బిగుసుకుంటుంటే లోహం అలిసిపోతుంది" అన్నాడు. ఆ తర్వాత తలెత్తి, "మీ బరువెంత సార్?"

ఎనిమిదిమంది నా పొట్ట వైపు చూశారు. నాకు ఒళ్లు మండింది. నా నోట్లోంచి మీరే వచ్చారు. "బాబూ, నువ్వెన్ని కిలోమీటర్లు తొక్కావ్?"

వాడేమీ అనలేదు. తెగిన పుల్ల ఊగి తగలకుండా పక్కదానికి చుట్టి, బ్రేకు కాస్త వదులు చేసిచ్చి వెళ్లిపోయాడు.

నడుస్తూ లెక్కేశాను. ఈ చక్రం ఒక చుట్టుకి దాదాపు 2.1 మీటర్లు పోతుంది. అంటే 40 కిలోమీటర్ల సవారీకి సుమారు 19 వేల చుట్లు, ఒక్కో పుల్లా 19 వేల సార్లు నా కిందికి వచ్చి పోవడం. ఎన్ని పుల్లలుండాలి, ఎంత బిగించాలి అన్నవి ఎక్కేవాడి బరువుని బట్టే చూసుకోవాలి. పాత రోడ్‌స్టర్ సైకిళ్లకి ముందు 32, వెనక 40 పెట్టింది ఊరికే కాదు, వెనక బియ్యం బస్తా ఎక్కుతుందని తెలుసు. అంటే వాడడిగింది నా గురించే అయినా, చక్రానికి కావాల్సిన ప్రశ్న. నేనడిగింది వాడి గురించి, చక్రానికి దాంతో పనే లేదు. తేడా తెలియడానికి నాకు నాలుగు కిలోమీటర్ల నడక పట్టింది.

సాయంత్రం కుర్రాడికి ఫోన్ చేసి వాడడిగిందానికి జవాబు చెప్పాలి. ఆ కాసేపు మీరు నా నోటి దగ్గర లేకుండా ఎక్కడికైనా వెళ్లి రాగలరు. పెద్దాయన ఇల్లు దగ్గరే.

చిత్తగించవలెను.

ఇట్లు,
94 కిలోలు,
32 పుల్లలు (ప్రస్తుతానికి 31).