కాగ్నిటివ్ సైకాలజీ అంటే కామన్ సెన్సేనా?

తెలంగాణలో డిగ్రీ సీట్లకు దరఖాస్తు చేసే దోస్త్ వెబ్‌సైట్‌లో ఆప్షన్లు పెట్టుకునే రోజులు రాగానే ఈ మెసేజ్ వాట్సాప్‌లో మళ్లీ తిరుగుతుంది. "డిగ్రీలో సైకాలజీ వద్దు. కాగ్నిటివ్ సైకాలజీ అంటే అందరికీ తెలిసినవాటికే పెద్ద పేర్లు. లెక్కలుండవు. బట్టీ పడితే పాస్. ఉద్యోగాలు రావు" అని. జ్ఞాపకం, ధ్యాస, ఆలోచన లాంటివి ఎలా పనిచేస్తాయో ప్రయోగాలతో తేల్చే సబ్జెక్టు ఇది. ఇష్టపడి చదివినదాన్ని, ఊరుకోలేక రాస్తున్నాను.

అందరికీ తెలిసినవేనా? ఒక పాఠం నాలుగుసార్లు చదివితే బాగా గుర్తుంటుందా, లేక ఒకసారి చదివి, పుస్తకం మూసేసి, గుర్తున్నంతా మూడుసార్లు రాసుకుంటేనా? ఇంట్లో అడిగి చూడండి, నాలుగుసార్లు చదవమనే చెప్తారు. 2006లో రోడిగర్, కార్పికీ అనే సైకాలజిస్టులు సరిగ్గా ఇదే పరీక్షించారు. ఐదు నిమిషాల తర్వాత అడిగితే చదివినవాళ్లదే పైచేయి, 83 శాతం గుర్తుంది, రాసుకున్నవాళ్లకు 71. వారం తర్వాత అడిగితే చదివినవాళ్లు 40కి పడిపోయారు, రాసుకున్నవాళ్లు 61 దగ్గర నిలబడ్డారు. పైగా తమకు బాగా గుర్తుంటుందని ఎక్కువ నమ్మకంగా చెప్పింది ఆ చదివినవాళ్లే. మన మనసు గురించి మన అంచనాయే ఇంతలా తప్పుతుంటే దీన్ని కామన్ సెన్స్ అని ఎలా అంటాం? మళ్లీ మళ్లీ చదివి బట్టీ పడితే ఎంతకాలం నిలుస్తుందో కూడా ఇక్కడే తేలిపోయింది.

ఇక లెక్కలు. మా ల్యాబ్‌లో స్ట్రూప్ ప్రయోగానికి కార్డులు తెలుగులోనే చేసుకున్నాం. "ఎరుపు" అని ఆకుపచ్చ స్కెచ్ పెన్‌తో, "పసుపు" అని నీలంతో రాసి, పదం చదవకుండా రంగు మాత్రం చెప్పాలన్నమాట. నా పార్ట్‌నర్ మూడో పదం దగ్గరే ఆగిపోయింది, పెదాలు "ఎరుపు" అనబోతుంటే బలవంతంగా ఆపుకుని "ఆకుపచ్చ" అంది. స్టాప్‌వాచ్‌తో అందరి టైమూ రాశాం. అలవాటు వల్ల ఫలితం మారకుండా సగంమందికి మామూలు కార్డులు (పదం, రంగు ఒకటే ఉన్నవి) ముందు, మిగతావాళ్లకు తర్వాత ఇచ్చాం. ఆ తర్వాత సగటు, ప్రామాణిక విచలనం (టైములు సగటు నుంచి ఎంత అటూఇటూ ఉన్నాయో), టి-టెస్ట్ (రెండు సగటుల మధ్య తేడా కేవలం యాదృచ్ఛికమా కాదా అని చూసే లెక్క), అన్నీ చేత్తోనే. స్టాటిస్టిక్స్ అంటే టెన్షన్ పడేవాళ్లు ముందే తెలుసుకుని చేరండి.

ఉద్యోగాల మాటలో కొంత నిజముంది. డిగ్రీ ఒక్కదానితో క్లినికల్ సైకాలజిస్టు కాలేరు, ఆపైన చదవాలి. కానీ యాప్‌లు, వెబ్‌సైట్లు జనం ఎలా వాడుతున్నారో పరిశీలించే యూఎక్స్ రీసెర్చ్‌లో, సర్వే పనుల్లో ఈ ప్రయోగాల అనుభవం నేరుగా పనికొస్తుంది.

ల్యాబ్ తలుపు తీయకుండా రికార్డులు మాత్రం కాపీ చేయించే కాలేజీలూ ఉన్నాయి, ఆ మెసేజ్ రాసినవాళ్లు బహుశా అలాంటిచోటే చదివారేమో. ఆప్షన్ పెట్టేముందు కాలేజీకి వెళ్లి, ల్యాబ్ చూపించమని, వారానికి ఎన్ని ప్రాక్టికల్ క్లాసులు జరుగుతాయో సీనియర్లను అడగండి.