ఫ్రీ సర్వీస్ కార్డు గారికి, ఎడమ పైడల్ బాధితుడు రాయునది

మహారాజశ్రీ ఫ్రీ సర్వీస్ కార్డు గారికి,

తమరు మా ఇంట్ల ఫ్రిజ్ మీద కరెంటు బిల్లు పక్కన క్షేమంగనే ఉన్నరు. మూడు సర్వీసులకు మూడు గళ్లు, ఒక్కో గడి కింద "డీలర్ స్టాంప్, సంతకం" అని చుక్కల గీత, అన్నీ షాపుల నుంచి వచ్చిన రోజు ఎట్లున్నయో అట్లనే తెల్లగ ఉన్నయి. తమరికి ఏ లోటూ రాలే. లోటంతా సైకిల్‌కే వచ్చింది.

మొన్న శనివారం మిమ్మల్ని జేబుల పెట్టుకొని, మా బిడ్డ కొత్త సైకిల్‌ను వడ్డేపల్లి నుంచి హనుమకొండ దాకా ఎండల నెట్టుకుంట పోయిన, ఎందుకంటే తొక్కుదామంటే ఎడమ పైడల్ ఊడి కాలికింద పడుతున్నది. షాపుల సేటు ఫోన్ల ఉన్నడు. చెయ్యితోని స్టూల్ చూపెట్టిండు. కూసున్న. "మెకానిక్ తిననీకి పోయిండు, ఇప్పుడే వస్తడు" అన్నడు. సరే, మనిషన్నంక తినాలె గదా. ఇంకొంచెం సేపైనంక అడిగితే తిననీకి కాదట, కాజీపేటల డెలివరీ ఇయ్యనీకి పోయిండట. మళ్ల అడిగితే వాళ్ల చుట్టాలింట్ల ఏదో ఫంక్షనట. నాలుగింటికి ఒక పోరడు బండి ఆపి లోపలికొస్తుంటే నేను సంబరంగ లేచి నిలబడ్డ, సైకిల్ ముందుకు జరిపిన, వాడు చాయ్ ఫ్లాస్క్ అక్కడ పెట్టి పోయిండు. షాపు మూసే యాళ్లకు అసలు సంగతి బయటపడ్డది: ఈ మెకానిక్ ఈ ఒక్క షాపుకు కాదు, లైన్ల ఉన్న ఇంకో రెండు షాపులకు గూడ ఆయనే, ఏ రోజు యాడుంటడో ఆయన ఇష్టం. అంటే కార్డు గారూ, మీ వెనుక ఉన్న "ఫ్యాక్టరీ ట్రెయిన్డ్ టెక్నీషియన్స్" అనే బహువచనం ఒక్క మనిషి, ఆ ఒక్కడు గూడ ఆ టైంకు వేరే షాపుల ఉన్నడు.

మీరు అచ్చుల ఉన్నరు కాబట్టి మీకు మర్యాదగ ఒక లెక్క చెప్త. ఈ సైకిలే ఆన్‌లైన్ల తక్కువకు వస్తుండె. డబ్బాల 85 శాతం ఫిట్ చేసి పంపుతరు, హ్యాండిల్, ముందు చక్రం, సీటు, పైడళ్లు మనం బిగించుకోవాలె, అలెన్ కీ గూడ డబ్బాలనే ఇస్తరు. నేను ఫోన్ తీసి ఆ రేటు చూపెడితే సేటు నవ్విండు. "ఆన్‌లైన్ల తీసుకుంటే రేపు ఎవరు చూస్తరన్నా? మేమైతే ఈడనే ఉంటం. మూడు సర్వీసులు ఫ్రీ" అని మిమ్మల్ని హ్యాండిల్‌కు దారంతోని కట్టిండు. ఇంతకు షాపులకు దిగే సైకిల్ మాత్రం ఎట్ల దిగుతది? అదే అట్టడబ్బా, అదే లూధియానా లారీ. డబ్బా తెరిచి అవే నాలుగు సామాన్లు బిగించే పోరడు మా ఇంట్ల ఉండకపోయె, వాళ్ల షాపుల ఉండె, అంతే తేడా. మిగిలిన పైసలన్నీ అచ్చంగ మీకోసం కట్టినయే. మీరు ఫ్రీ కాదు కార్డు గారూ, ఈ సైకిల్ల అన్నిటికన్న ఖరీదైన పార్టు మీరే.

ఈడనే ఉంటం అన్నరు, నిజమే, ఉన్నరు. ఆ మాటల అబద్ధం లేదు. ఉండుడే వాళ్ల సర్వీసు.

ఇగ పైడల్ సంగతి. సైకిల్‌కు కుడి పైడల్ మామూలు మర, ఎడమ పైడల్ ఉల్టా మర, అంటే ఎడమకు తిప్పితేనే బిగుస్తది. ఇరుసు కొన మీద ఎల్ అని, ఆర్ అని చెక్కి ఉంటది, కండ్లద్దాలు లేకున్నా కనపడుతది. ఇది కొత్తగ వచ్చిన టెక్నాలజీ కాదు. అమెరికాల సైకిల్ షాపు నడుపుకున్న రైట్ బ్రదర్స్ 1900లనే ఊడిపోని పైడల్ అని ఈ ఉల్టా మర గురించి ప్రకటించుకున్నరు, విమానం ఎగిరింది 1903ల. అంటే విమానం గాలిల తేలకముందే తేల్చిన ముచ్చట ఇది. మీ పోరడు మాత్రం మా సైకిల్ ఎడమ పైడల్‌ను మామూలు నట్టు తీరుగ కుడికి తిప్పి, ఎక్కకపోతే పానా పెట్టి, పానాతోని గూడ ఎక్కకపోతే పానా వెనక ఇనుప పైపు తొడిగి ఎక్కిచ్చిండు. నేను పక్కనే ఉన్న. కిర్రుమని సప్పుడొస్తే "ఇదేంది తమ్మీ" అన్న. "కొత్తది గదా సార్, నడుస్తుంటే సెట్ అయితది" అన్నడు.

ఈ మాట మీ షాపుల గోడకు రాసిపెట్టుకోవాలె. డిస్క్ బ్రేకు కీచుమంటున్నది, నడుస్తుంటే సెట్ అయితది. గేరు పడుతలేదు, సెట్ అయితది. వెనుక చక్రం తిప్పితే రిమ్ము ఒక దిక్కుకు ఊగుతున్నది, సెట్ అయితది. అసలు జరిగేది ఉల్టా. కొత్త సైకిల్ కొన్నాళ్లు తొక్కితే కేబుళ్లు లూజ్ అయితయి, స్పోకుల బిగువు తగ్గుతది, చక్రం అవుట్ పోతది, నట్లు వదులైతయి, అందుకే మొదటి సర్వీసు అనేది పుట్టింది. నడుస్తుంటే సెట్ అయ్యేదే ఉంటే మీరెందుకు పుట్టినరు?

సైకిల్ సెట్ కాలే, మా బిడ్డ సెట్ అయింది. పొద్దుగాల మళ్ల ఆటోల బడికి పోతున్నది. "డాడీ, కార్డు మీదెక్కి పోనా?" అని అడిగింది, తొమ్మిదో క్లాసు, నోరు వాళ్లమ్మది.

చిన్న చిన్న దెబ్బలు గూడ ఉన్నయి గాని వాటిని ఎక్కువ సాగదియ్య. బేరంల వెయ్యి తగ్గించినమన్నరు, స్టాండు, బెల్లు, మడ్‌గార్డు, తాళం అని ఒక్కొక్కటి వేసి ఆ వెయ్యి మళ్ల గుంజుకున్నరు. 2025 సెప్టెంబర్ 22 నుంచి సైకిళ్ల మీద జీఎస్టీ 12 నుంచి 5 శాతానికి దిగింది గదా అంటే "అది పాత స్టాకన్నా" అన్నరు, అమ్మేది ఇయ్యాల అయితే ట్యాక్సు గూడ ఇయ్యాల్టిదే ఉంటది గాని స్టాకు పుట్టిన రోజుది కాదు. పక్కా బిల్లు అడిగితే ఎంబడే మొఖం మారింది, తెల్ల కాయితం మీద అంకె రాసిచ్చిండు. పిలుపు గూడ అంతే, పైసలు ఇయ్యకముందు "అన్నా", ఇచ్చినంక "సార్", సర్వీసుకు పోతే "ఏం కావాలె". ఏరు దాటేదాక ఓడ మల్లన్న, దాటినంక బోడి మల్లన్న. టైర్ మీద ఎంత గాలి కొట్టాలో అచ్చుపోసి ఉంటే గూడ చూడకుండ బొటనవేలితోని నొక్కి "చాలు" అన్నరు. పోనీ.

పోనియ్యలేనిది ఒక్కటే ఉన్నది, అది మీ కత. శనివారం చీకటి పడినంక సేటే లేచి వచ్చి పైడల్ చూసిండు. క్రాంక్, అంటే పైడల్ బిగించే ఇనుప చెయ్యి, దాని లోపల మరలు మొత్తం కొట్టుకపోయినయి, వేలు పెడితే ఇనుప పొట్టు అంటుకున్నది. "క్రాంక్ మార్చాలె. థ్రెడ్ పోతే వారంటీ రాదు, వారంటీ ఫ్రేముకే. క్రాంకు పైసలు మీయి, లేబర్ ఫ్రీ, కార్డు ఉన్నది గదా" అన్నడు. వాళ్లు పోగొట్టిన మరకు నేను పైసలు కట్టాలె, అయినా నోరు మూసుకున్న, కనీసం మీరు ఒక్కసారన్న పనికొస్తుండ్రని. జేబుల నుంచి తీసి ఇచ్చిన. ఆయన మిమ్మల్ని లైటు కింద పట్టుకొని ముందుకు తిప్పిండు, వెనకకు తిప్పిండు, "దీని మీద అమ్మిన తేదీ స్టాంపు లేదు గదా, ఇది చెల్లది" అన్నడు.

స్టాంపు ఎందుకు లేదంటే, కొన్న రోజు స్టాంపు గోదాంల ఉండె. "మళ్లొచ్చినప్పుడు వేస్త" అన్నడు. మళ్లొచ్చినప్పుడు స్టాంపు ఉన్నది, ఇంకు ప్యాడు ఎండిపోయింది, దాని మీద రెండు మాట్ల హా అని ఊది కొట్టిండు, పడలే, కార్డు మీద గుండ్రంగ ఒక తడి మరక వచ్చి ఆరిపోయింది. శనివారం నాడు ఆ మరకను వేలితోని చూపెడితే "తేదీ కనపడుతలేదు సార్" అన్నడు. తేదీ లేకపోతే నెల లోపలనో కాదో తెల్వది, మొదటి సర్వీసు నెల లోపలనే అని మీ మీదనే చిన్నచ్చుల ఉన్నది, ఆ నెలంతా మెకానిక్ వస్తడు వస్తడు అనుకుంటనే అయిపోయింది. స్టాంపు వెయ్యంది వాళ్లు, మెకానిక్‌ను పెట్టంది వాళ్లు, మర పోగొట్టింది వాళ్లు, గడువు మాత్రం నాది దాటింది.

ఇప్పటిదాక గారూ తమరూ అని రాసిన గదా, ఇగ చాలు. నువ్వు కార్డువు కాదు, దొంగవు. నీ మూడు గళ్లల ఒక్కటి గూడ నిండకుండ ఉండేటట్టు నిన్ను అచ్చేసిండ్రు. ఎవలన్న ఒక్కడు, ఒక్కడంటే ఒక్కడు, నీ మూడో గడిల స్టాంపు పడంగ చూసినోడు ఈ వరంగల్, హనుమకొండ, కాజీపేట ట్రైసిటీల ఉంటే వచ్చి చెప్పమను, ఆయన సైకిల్‌కు నేనే గాలి కొడ్త.

బిల్లు ఇయ్యకపోవుడు 2019 వినియోగదారుల చట్టంల అన్యాయపు వ్యాపార పద్ధతుల కిందికే వస్తది, 1915కు ఫోన్ చేస్తే కంప్లైంట్ తీసుకుంటరు. చేసిన. మాట్లాడిన అమ్మాయి ఓపికగ అన్నీ రాసుకొని, "మీ దగ్గర ఆధారం ఏమున్నది సార్" అన్నది. తెల్ల కాయితం ఉన్నదన్న, ఇంకేమన్న ఉన్నదా అంటే నువ్వు యాదికొచ్చినవ్. నిన్ను రెండు దిక్కుల ఫోటో తీసి, ఆ తడి మరకను దగ్గరగ ఇంకొకటి తీసి పంపిన. కొన్న కాడికెల్లి నువ్వు చేసిన మొదటి సర్వీసు అదే, కాబట్టి ప్రస్తుతానికి చింపుతలేను, ఫ్రిజ్ మీదనే ఉండు.

ఇట్లు,
వడ్డేపల్లి నుంచి ఒక నడిచే సైకిల్ ఓనరు

తా.క.: కొత్త క్రాంకు బిగించే రోజు ఆ పోరనికి ఈ ఒక్క ముక్క చెప్పురి. కుడిదైనా ఎడమదైనా పైడల్‌ను ముందుగాల చేతివేళ్లతోనే ఎక్కియ్యాలె, తర్వాత పానాను పైకి నిలబెట్టి ముందు చక్రం దిక్కు గుంజితే బిగుస్తది. ఇనుప పైపు గోదాంలనే ఉంచుమను, స్టాంపు ఉండే కాడ.