డబుల్స్‌కి మారింది చేతకాక కాదు
టెన్నిస్ క్రీడాకారిణి సానియా మీర్జా మీద వచ్చిన వ్యాసంలో, సింగిల్స్‌లో నెగ్గలేకే ఆమె డబుల్స్‌కి మారిందన్న మాట దగ్గరే నాకు పేచీ. 2007లో సింగిల్స్‌లో ప్రపంచ 27వ ర్యాంకు దాకా వెళ్లిన మనిషిని పట్టుకుని నెగ్గలేదంటే ఎలా? అంతకుముందే 2005లో దుబాయ్‌లో అప్పటి యూఎస్ ఓపెన్ ఛాంపియన్ కుజ్నెత్సోవాని ఓడించింది, అదే ఏడాది మన హైదరాబాద్‌లోనే డబ్ల్యూటీఏ (మహిళల ప్రొఫెషనల్ టెన్నిస్ సంఘం) సింగిల్స్ టైటిల్ కొట్టింది. దెబ్బతీసింది మణికట్టు గాయం, ఆమె ఫోర్‌హ్యాండ్ షాట్ బలమంతా ఆ మణికట్టులోనే కదా. సర్వీసు మొదట్నుంచీ కాస్త వీకే, అది ఒప్పుకుంటా. డబుల్స్‌లో పరుగు తగ్గుతుంది కాబట్టి ఒంటికి కొంచెం తెరిపి, అంతేగానీ స్విట్జర్లాండ్ క్రీడాకారిణి మార్టినా హింగిస్‌తో కలిసి వరసగా 41 మ్యాచులు గెలవడం, 2015లో నంబర్ వన్ అవడం ఊరికే వచ్చేవా? బాబు పుట్టాక 2020లో తిరిగొచ్చి ఆస్ట్రేలియాలోని హోబర్ట్‌లో మొదటి డబుల్స్ టోర్నీనే గెలిచిన సంగతి వ్యాసంలో ఎందుకు వదిలేశారో మరి.