మొదటి మారథాన్‌కు పరుగు తప్ప అన్నీ సిద్ధం

మొదటిసారి మారథాన్‌కు పేరిచ్చిన హైదరాబాదీలకు ఒక విన్నపం. కంగారుపడి పరుగు మొదలుపెట్టేయకండి. అంతకన్నా ముఖ్యమైన పనులు చాలా ఉన్నాయి.

ముందు బూట్లు. పాదం ఎటు ఒరుగుతోందో నడిపించి మరీ చూసే షాపులున్నాయి. అది ఎప్పుడూ ఖరీదైన జత వైపే ఒరుగుతుందని అక్కడ తేలుతుంది. తర్వాత స్మార్ట్ వాచీ. గుండె ఎంత వేగంగా కొట్టుకుంటోందో చెబుతుంది. ఈఎంఐ కూడా దాని మీదే కాబట్టి కాస్త ఎక్కువే కొట్టుకుంటుంది. ఆపైన వాట్సాప్ గ్రూపు. తెల్లవారుజామున 4 గంటలకు ‘గుడ్ మార్నింగ్ రన్నర్స్’ అని పెట్టేసి మళ్లీ ముసుగుతన్ని పడుకోవచ్చు.

ఇక తప్పదనుకుంటే పరుగు. శిక్షణలో ఎక్కువ భాగం పక్కవాళ్లతో మాట్లాడగలిగేంత నెమ్మదిగా సాగాలన్నది తెలిసినవాళ్ల మాట. ఈ ఒక్క విషయంలో మనల్ని కొట్టేవాళ్లు లేరు. పొద్దున్నే కేబీఆర్ పార్కు దగ్గర చూడండి. కోకాపేటలో గజం ధర, అల్లుడి గ్రీన్‌కార్డు, మేనకోడలి సంబంధం, అన్నీ తేలేదాకా మాట ఆగదు. కాళ్లే ఆగుతాయి.

పోటీకి రెండు మూడు వారాల ముందు నుంచి పరుగెత్తే దూరం తగ్గించుకుంటూ రావాలి. దీన్ని టేపరింగ్ అంటారు. మనవాళ్లు చాలామంది పేరిచ్చిన రోజు నుంచే టేపరింగ్‌లో ఉంటారు.

తిండి సంగతి. పిండిపదార్థాల నుంచి తయారై కండరాల్లో దాచుకున్న ఇంధనం, అదే గ్లైకోజెన్, చాలామందికి 30 కిలోమీటర్లు దాటేసరికి అడుగంటుతుంది, అందుకే ముందు రెండు రోజులు పిండిపదార్థాలు దండిగా తినమంటారు. ఆ సలహాలో అన్నం ఉంది. దమ్ బిర్యానీ లేదు. మిర్చీ కా సాలన్ ఊసైతే అసలే లేదు. సలహాను ఎవరు పూర్తిగా చదివారో, ఎవరు సగంలో లేచి హోటల్‌కు వెళ్లారో పోటీ రోజు తెల్లవారుజామున మొబైల్ టాయిలెట్ల ముందు క్యూ చెప్పేస్తుంది.

మన మారథాన్ జరిగేది ఆగస్టులో. గాలిలో తేమకు చెమట ఆరదు, ఒళ్లు చల్లబడదు. పైగా నెక్లెస్ రోడ్డు నుంచి గచ్చిబౌలి దాకా దారి పొడవునా ఫ్లైఓవర్లు. కారులో వెళ్లేటప్పుడు ప్రభుత్వం చేసిన మేలులా కనిపించే ఫ్లైఓవర్, కాలినడకన చూస్తే గుట్ట అని అప్పుడు తెలుస్తుంది. దుర్గం చెరువు కేబుల్ బ్రిడ్జి మీద సెల్ఫీకి ఆగడాన్ని శిక్షణలో తప్పనిసరి చేయాలని నా సూచన. ఊపిరాడక ఆగారని ఎవరూ అనుకోరు.

ఇంతకీ మారథాన్ దూరం 42 కిలోమీటర్లు చాలక, పైన ఆ 195 మీటర్లు ఎందుకంటారా? 1908 లండన్ ఒలింపిక్స్‌లో పరుగు రాజకుటుంబం కూర్చున్న చోటి ముందు ముగిసేలా దారి వేశారు. ఆ దూరాన్నే 1921లో ఖాయం చేశారు. పెద్దవాళ్ల కోసం మామూలు జనాన్ని చుట్టూ తిప్పడం బేగంపేట సిగ్నల్ దగ్గర నిలబడినవాళ్లకు కొత్త కాదు కనక దీనిమీద ఎక్కువ చెప్పను.

చివరగా, ఇంటికొచ్చాక ఎదురయ్యే ప్రశ్నలకు కూడా సాధన చేయండి. మెడల్ చూపిస్తే ‘ఎన్నో ప్లేసురా?’ అంటాడు బాబాయి. అందరికీ ఇస్తారంటే ముఖం తిప్పుకుంటాడు. హాఫ్ మారథాన్ చేశానంటే పెద్దమ్మ దగ్గరికొచ్చి, ‘పోనీలే నాన్నా, మిగతా సగం వచ్చే ఏడాది పరుగెత్తుదువుగానీ’ అని ప్లేట్లో ఇంకో రెండు ఇడ్లీలు వేస్తుంది.